నల్లకోటు వేసుకున్నా ‘చిట్టి’గానే చూస్తున్నారు

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్ళు. అనంతపురం జిల్లా కోర్టులో ఒక సీనియర్ న్యాయవాది దగ్గర రెండేళ్ళుగా జూనియర్‌గా పనిచేస్తున్నాను. ఆరేళ్ళ వయసు నుంచి పన్నెండేళ్ళ దాకా సినిమాల్లో బాలనటిగా చేశాను. వాటిలో ఒకటి బాగా ఆడింది. అందులో నేను వేసిన ‘చిట్టి’ పాత్ర పేరుతోనే ఊళ్ళో ఇప్పటికీ నన్ను పిలుస్తారు. కోర్టు వరండాలో కక్షిదారులు సెల్ఫీలు అడుగుతారు, తోటి న్యాయవాదులు ఆ డైలాగు ఒక్కసారి చెప్పమంటారు. మొన్న ఒక పార్టిషన్ (ఆస్తి పంపకం) దావాలో సీనియర్‌గారు తొలిసారి నాకు క్రాస్, అంటే ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించే పని, అప్పగించారు. మొదటి ప్రశ్న అడగగానే సాక్షి, శింగనమల వైపు రైతు, “ఏం పాపా, నువ్వు చిట్టివి గదా! ఆ సినిమాలో నువ్వేడిస్తే మా ఇంట్లో ఆడోళ్ళంతా ఏడ్చినారు” అన్నాడు. హాలంతా నవ్వింది. జడ్జిగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నేను రాసుకున్న వరుస మరచిపోయి నాలుగు ప్రశ్నలతో కూర్చున్నాను. ఇప్పుడు ఒక టీవీ సీరియల్ వాళ్ళు లాయరు పాత్ర ఇస్తామంటున్నారు. వాళ్ళు రెండు రోజులకు ఇస్తామన్నది నాకిక్కడ నెలంతా రాదు కాబట్టి అమ్మ ఒప్పుకోమంటుంది. ఒక యూట్యూబ్ ఛానెల్ ‘అప్పటి చిట్టి, ఇప్పటి లాయరమ్మ’ అని ఇంటర్వ్యూ అడుగుతోంది. ఇవన్నీ వదిలేసి, నన్నెవరూ గుర్తుపట్టని ఊరికి మకాం మార్చాలని కూడా అనిపిస్తోంది. ఇంకొక సంగతి: నా చిన్నప్పటి సంపాదనతో నాన్న బళ్ళారి రోడ్డు వైపు కొన్న స్థలం తమ్ముడి పేరున ఉంది. దాని గురించి అడగవచ్చా?
— ఒక న్యాయవాది, అనంతపురం

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో ప్రశ్నలు చాలానే ఉన్నా, వాటన్నిటినీ కదిలించింది ఆ క్రాస్ జరిగిన రోజేనని తెలుస్తోంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. కోర్టు హాల్లో ఎంతమంది నవ్వినా ఆ నవ్వు వాంగ్మూలంలోకి ఎక్కదు. జడ్జిగారు చెప్పగా స్టెనో టైపు చేసేది సాక్షి జవాబులను మాత్రమే. రేపు ఈ దావా అప్పీలుకు వెళ్తే, ఆ కాగితాలు చదివే న్యాయమూర్తికి మీరెవరో, ఆ సినిమా ఎన్ని రోజులు ఆడిందో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అయితే మీరు అడగకుండా వదిలేసిన ప్రశ్నలు మాత్రం వారికి తప్పకుండా కనిపిస్తాయి. మన వాదానికి ఆయువుపట్టయిన సంగతిని ఎదుటి సాక్షికి సూచనగానైనా పెట్టకపోతే, ఆ విషయంలో అతని మాటను మనం కాదనలేదని అవతలి న్యాయవాది వాదనలప్పుడు తప్పక ఎత్తి చూపుతారు. అందుచేత ఇవాళే మీ సీనియర్‌గారి దగ్గర కూర్చుని, రాసుకున్న ప్రశ్నల్లో ఏవి మిగిలిపోయాయో, వాటిలో దావాను తారుమారు చేసేవి ఏమైనా ఉన్నాయో చూసుకోండి. ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 18 రూల్ 17 కింద సాక్షిని తిరిగి పిలిపించమని దరఖాస్తు వేయవచ్చు. అయితే ఆ అధికారం కోర్టు తన సందేహం తీర్చుకోవడానికి ఉద్దేశించినదనీ, మన సాక్ష్యంలోని ఖాళీలు పూడ్చుకోవడానికి కాదనీ సుప్రీంకోర్టు చెప్పి ఉన్నది కాబట్టి, అది తప్పక మంజూరవుతుందని నమ్మి ఊరుకోవద్దు. సీనియర్‌గారికి చెప్పడానికి మొహమాటపడి వాయిదాల మీద వాయిదాలు గడిపితే మాత్రం ఆ కాస్త అవకాశమూ పోతుంది.

ఆ రైతు మాటను మరొకవైపు నుంచి కూడా చూడండి. 2002 నాటి సవరణల తరువాత సివిల్ దావాల్లో చీఫ్, అంటే సాక్షి తన పక్షాన ఇచ్చే మొదటి వాంగ్మూలం, అంతా అఫిడవిట్టుగానే వస్తున్నది. అంటే సాక్షి బోనులోకి వచ్చేసరికి అతని తరఫు న్యాయవాది రాసిపెట్టిన వాక్యాలే అతని వాక్యాలుగా కాగితం మీద ఉంటాయి. అతను సొంత నోటితో, సొంత యాసలో మాట్లాడే మొదటి సందర్భం క్రాసే. మామూలుగా ఏ పల్లెటూరి సాక్షి అయినా నల్లకోటు దగ్గరికి రాగానే బిగుసుకుపోయి ‘తెలీదు’, ‘గుర్తు లేదు’ అనే రెండు మాటల వెనక దాక్కుంటాడు. మీ సాక్షి దాక్కోలేదు. అతను మిమ్మల్ని ఇంటి పిల్లను పలకరించినట్టు పలకరించాడు. ఆ సమయంలో చిరునవ్వుతోనో మౌనంగానో నిలబడి, హాలు సద్దుమణిగే దాకా ఆగి, ‘పెద్దాయనా, మీ అఫిడవిట్టు మూడో పేరాలో పెద్దలు పంచాయితీ చేశారని ఉంది, ఆ పెద్దలెవరు?’ అన్న పద్ధతిలో అడిగి ఉంటే, అతను పేర్లతో సహా చెప్పేవాడేమో. ఆప్యాయంగా నోరు విప్పిన సాక్షి అవతలి పక్షానికి ఎంత ప్రమాదమో మీ సీనియర్‌గారిని అడిగితే చెబుతారు. ఇకముందు అలాంటి పలకరింపు మళ్ళీ వస్తుంది, వస్తూనే ఉంటుంది కాబట్టి, దానికి ఏమి బదులు చెప్పాలో, ఏమి చెప్పకూడదో ముందే నిర్ణయించుకుని బోను ముందు నిలబడండి. ప్రశ్నలను వరుసగా కంఠస్థం చేసుకోవడం మానేసి, ఏ పత్రం చేతికిచ్చి ఏది అడగాలో పత్రాల వారీగా రాసుకుంటే, మధ్యలో ఎవరు అడ్డుపడినా చేతిలోని ఎగ్జిబిట్టే మిమ్మల్ని తిరిగి దారిలో పెడుతుంది.

మీరు కంఠస్థం చేసుకుని వెళ్ళారని నేను ఊహించడానికి కారణం ఉంది. చిన్నతనంలో సెట్టు మీద నేర్చిన విద్య అది. ఇచ్చిన మాటను ఇచ్చినట్టు చెప్పడం, ఎదుటివారి మాట కూడా ముందే తెలిసి ఉండడం, తప్పితే మరొక టేకు దొరకడం ఆ విద్యలో భాగం. కోర్టులో ఎదుటివాడి మాట ముందు తెలియదు, రెండో టేకూ లేదు. ఆ అలవాటును వదిలించుకోవలసిందే. అయితే అదే విద్యలో మీకిప్పుడు ఎంతో అక్కరకు వచ్చేది ఒకటున్నది, అది జ్ఞాపకశక్తి. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు మూడూ అమలులోకి వచ్చాక, ముప్ఫై ఏళ్ళు ప్రాక్టీసు చేసినవారు కూడా హత్యకు 302 బదులు 103 అనీ, మోసానికి 420 బదులు 318 అనీ, ముందస్తు బెయిలుకు 438 బదులు 482 అనీ తడుముకుంటూనే ఉన్నారు. బార్ రూములో ఇప్పటికీ ‘438 వేశాం’ అనే మాటే వినిపిస్తుంది. సెక్షన్లను పాత నంబర్లతో కొత్త నంబర్లతో జతచేసి నోటికి చెప్పగలిగే జూనియర్ ఆఫీసులో ఉంటే సీనియర్లు పక్కనే కూర్చోబెట్టుకుంటారు. ఆరేళ్ళ వయసులో పేజీల కొద్దీ సంభాషణలు పట్టిన మీకు ఇది పెద్ద పని కాదు. అప్పుడు వరండాలో మీ పేరు ఎందుకు వినపడుతుందో ఆ కారణం కొంతైనా మారుతుంది.

మకాం మార్చడం గురించి ఎక్కువ రాయను. మీరు కర్నూలు పోయినా కడప పోయినా పేరు కొట్టగానే ఫోనులో మీ చిన్ననాటి ఫొటో వస్తుంది. ఇక్కడైతే అది పాతపడిన వార్త, అక్కడ కొత్త వార్త అవుతుంది. పైగా జిల్లా కోర్టు ప్రాక్టీసు అన్నది ఊళ్ళూ, కులాలూ, బంధుత్వాలూ, ఏ గ్రామంలో ఏ సర్వే నంబరు మీద ఎన్నాళ్ళ నుంచి తగాదా ఉన్నదన్నదీ తెలిసి ఉండడం మీద నడిచే వృత్తి. రెండేళ్ళలో మీరు సంపాదించిన ఆ పరిచయాన్ని వదులుకుని పోవడానికి సెల్ఫీలు చాలినంత కారణం కావు.

నటన న్యాయవాదికి తగదన్న భావం మీ మనసులో ఏ మూలనో ఉన్నట్టుంది. ఈ జిల్లా మనిషి మీద దాన్ని నిలబెట్టడం కష్టం. తాడిపత్రిలో 1880లో పుట్టి బళ్ళారిలో వకీలుగా స్థిరపడిన రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ గురించి మీకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు పొందినవారు, వారు కూడా బళ్ళారిలో వకీలే. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం అన్న జీవితం ఈ ప్రాంతానికి కొత్త కాదు. అయితే రాఘవగారిని మీకు ఆదర్శంగా చూపి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. ఆయన పెద్దవాడై, తెలిసి, తానై ఆ రెండిటినీ ఎంచుకున్నారు. మీరు ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు మీ బదులు మరెవరో ఎంచుకున్నారు. ఆ తేడా వల్లనే ఆయనకు నటన గర్వకారణమైతే మీకు బరువైంది.

మీ స్థితికి ఇంకా దగ్గరగా ఉన్నవారు అమెరికాలో కనిపిస్తారు. 1985లో వచ్చిన ‘ది గూనీస్’ చిత్రంలో లావుపాటి అల్లరి పిల్లవాడి వేషం వేసిన జెఫ్ కోహెన్ తరువాత బర్క్‌లీలో డిగ్రీ చేసి, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 2002లో బెవర్లీ హిల్స్‌లో భాగస్వామితో కలిసి సినిమా, వినోద రంగాల ఒప్పందాలు చూసే న్యాయవాద సంస్థను పెట్టుకున్నాడు. అదే సినిమాలో అతనితో కలిసి నటించిన కీ హుయ్ క్వాన్ చాలా ఏళ్ళ తరువాత తిరిగి తెరమీదికి వచ్చి ఆస్కార్ అందుకున్న చిత్రానికి ఒప్పందం కుదిర్చిన న్యాయవాది కూడా ఇతనే. తొంభైల మొదట్లో పిల్లవాడిగా పెద్ద పెద్ద చిత్రాల్లో నటించిన చార్లీ కోర్స్మో దారి వేరు. అతను ఎం.ఐ.టి.లో భౌతికశాస్త్రం, యేల్‌లో న్యాయశాస్త్రం చదివి క్లీవ్‌లాండ్‌లో న్యాయశాస్త్ర ఆచార్యుడయ్యాడు. వీరిలో ఒకరు పాత పరిచయాన్ని వృత్తిలోకి తెచ్చుకున్నారు, మరొకరు దాని జోలికి పోకుండా తరగతి గదిలో నిలబడ్డారు. ఇద్దరూ పేరు మార్చుకోలేదు, ఊళ్ళు మారి దాక్కోలేదు.

ఇంటర్వ్యూ విషయంలో నియమాలు మీకు తెలిసినవే, అయినా ఒకసారి గుర్తుచేస్తాను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36 ప్రకారం న్యాయవాది ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ పని కోసం ప్రకటించుకోకూడదు. తాను నడిపిన కేసుల సందర్భంగా తన ఫొటో వేయించుకోకూడదు. బోర్డు మీద ఫలానా రకం కేసుల్లో నిపుణుడననే మాట ఉండకూడదు, పూర్వం జడ్జిగా పనిచేశానని కూడా రాసుకోకూడదు. మాజీ న్యాయమూర్తికే ఆ వెసులుబాటు లేనప్పుడు మాజీ బాలనటికి ఉంటుందని అనుకోనక్కరలేదు కదా. కాబట్టి ‘ఇప్పటి లాయరమ్మ’ అన్న శీర్షికతో, మెడలో న్యాయవాదుల తెల్ల బ్యాండుతో, వెనక లా జర్నళ్ళ అలమారతో, చివర ఆఫీసు చిరునామాతో వచ్చే ఇంటర్వ్యూకు ఒప్పుకోవద్దు. కోర్టు బయట బహిరంగ స్థలాల్లో బ్యాండూ గౌనూ ధరించకూడదన్న నియమం కూడా వేరే ఉన్నది. బాలనటిగా మీ అనుభవాల గురించి మామూలు చీరలోనో చుడీదార్‌లోనో కూర్చుని మాట్లాడతానంటే, కేసుల ప్రసక్తి రాదని వాళ్ళు ముందే రాసిస్తే, దానికి అభ్యంతరం ఉండదని నా అభిప్రాయం. మీ సీనియర్‌గారికి మాత్రం ముందుగా చెప్పండి. అలాంటి విషయం గుమాస్తా ఫోనులో చూసి ఆయన తెలుసుకోవడం బాగుండదు.

సీరియల్ దగ్గరికి వస్తే, మీ అమ్మగారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. జూనియర్లకు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024లో సూచించింది. అది సూచన మాత్రమే కాబట్టి అనంతపురంలో ఎన్ని ఆఫీసుల్లో అమలవుతున్నదో నాకంటే మీకే బాగా తెలుసు. ఇల్లు గడవాలన్న మాట సబబైనదే. కానీ లెక్క పూర్తిగా వేయండి. న్యాయవాదికి పాత్రికేయం, ప్రసారాలు, ఉపన్యాసం, బోధన వంటివి కొన్ని షరతుల మీద రూల్ 51 అనుమతిస్తుంది. ఆ వరుసలో నటన పేరు లేదు. పార్ట్‌టైమ్ పనికి రూల్ 52 కింద రాష్ట్ర బార్ కౌన్సిల్ సమ్మతి తీసుకోవాలి, ఆ పని వృత్తి గౌరవానికి భంగం కలిగించేది కాకూడదు. పూర్తికాలపు జీతం ఉద్యోగమైతే ప్రాక్టీసు ఆపుకోవలసిందే. ఒక డాక్టరు వైద్యం చేస్తూనే న్యాయవాదిగా కూడా కొనసాగుతానంటే కుదరదని 1996లో హనీరాజ్ చూలానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. న్యాయవాద వృత్తి మనిషి పూర్తి ధ్యాసను కోరుతుందన్నది ఆ తీర్పు సారాంశం. రెండు మూడు రోజుల అతిథి పాత్ర అయితే బార్ కౌన్సిల్‌కు రాసి, సమ్మతి చేతికొచ్చాక చేయండి. రోజువారీ సీరియల్లో ముఖ్యపాత్ర అయితే నెలలో చాలా రోజులు హైదరాబాదులోనే గడుస్తాయి, ఇక్కడ కోర్టులో మీ కేసు పిలిచినప్పుడు ‘పాస్ ఓవర్’, అంటే కాసేపాగి మళ్ళీ పిలవమని, అడగడానికి కూడా మనిషి ఉండరు. ఆ పాత్ర నిజంగా కావాలనిపిస్తే, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్టు బార్ కౌన్సిల్‌కు పంపి ప్రాక్టీసును స్వచ్ఛందంగా నిలిపివేసుకునే పద్ధతి ఉన్నది, తిరిగి మొదలుపెట్టుకోనూ వచ్చు. రెండూ ఒకేసారి చాటుగా చేయడం మాత్రం వద్దు. మీ ముఖం అందరికీ తెలిసినది కాబట్టి చాటు అన్నది మీకు లేదు.

నా మొగ్గు ఏ వైపో మీరు గ్రహించే ఉంటారు. సీరియల్లో లాయరు వేషం కంటే మీ గతానికి నిజమైన విలువ ఉన్న చోటు మరొకటి ఉన్నది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు ఏ పనీ చేయరాదన్న నిషేధం నుంచి సినిమా, టీవీ కళాకారులను షరతులతో మినహాయించారు. ఆ షరతులు 2017 నిబంధనల్లో 2సీ కింద ఉన్నాయి. పిల్లచేత రోజుకు అయిదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పనిచేయించకూడదు. వరుసగా 27 రోజులు దాటి షూటింగులో ఉంచకూడదు. అయిదుగురు పిల్లలకొకరు చొప్పున బాధ్యత తీసుకునే పెద్దమనిషి ఉండాలి. షూటింగు ఏ జిల్లాలో జరిగితే ఆ జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టరు, అనుమతి తీసుకోవాలి. పిల్ల సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్ల పేరుననే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. గండికోటలోనో లేపాక్షిలోనో బేలం గుహల్లోనో పిల్లలతో పాట తీసే ప్రతి నిర్మాతకూ ఇవి వర్తిస్తాయి. తారాగణంలో ఉన్న పిల్లల తల్లిదండ్రుల్లో ఈ నిబంధన పేరైనా విన్నవారు ఎంతమంది ఉంటారు? పిల్ల తరఫున ఒప్పందంపై సంతకం పెట్టబోయే తండ్రి పక్కన కూర్చుని, ఏ గళ్ళు ఖాళీగా ఉన్నాయో చూపించగలవారు మన జిల్లాల్లో తక్కువ. ఆ సెట్టు మీద రాత్రి పదకొండింటికి ‘ఇంకొక్క షాటమ్మా’ అంటే పిల్లకు ఎలా ఉంటుందో తెలిసి చట్టం చదివినవారు మరీ తక్కువ. ఇందుకు ప్రత్యేక బోర్డు అక్కరలేదు, నేను పైన చెప్పినట్టు పెట్టనూ కూడదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ నడిపే అవగాహన సదస్సుల్లో ఈ అంశం మీద మాట్లాడతానని కార్యదర్శిగారికి ఒక ఉత్తరం రాయండి. ‘చిట్టి’ వస్తుందని నలుగురు ఎక్కువ వస్తే ఆ పూటకు రానివ్వండి.

చివరగా మీ స్థలం సంగతి. చాప్లిన్‌తో నటించి పేరు తెచ్చుకున్న జాకీ కూగన్ అనే బాలనటుడు పెద్దయ్యాక తన సంపాదన ఖర్చయిపోయిందని 1938లో తల్లి మీద, మారుతండ్రి మీద దావా వేశాకనే కాలిఫోర్నియాలో 1939లో పిల్లల సంపాదనను కాపాడే చట్టం వచ్చింది. మన దగ్గర ఆ 20 శాతం నిబంధన వచ్చేసరికి మీరు నటన మాని ఏళ్ళయింది కాబట్టి, దాని కింద మీరు అడగడానికేమీ లేదు. మైనరు హక్కుల మీద దావాలకు మేజరయ్యాక సాధారణంగా మూడేళ్ళే గడువు, అదీ మీకు ఇరవై ఒకటో ఏట దాటిపోయింది. స్థలం మొదటి నుంచీ తమ్ముడి పేరుననే ఉన్నందున, డబ్బు మీదని రుజువు చేసినా, ఒకరి డబ్బుతో మరొకరి పేరున కొన్న ఆస్తిని తిరిగి అడగనివ్వని బినామీ నిషేధ చట్టం అడ్డుపడే అవకాశమే ఎక్కువ. కనుక లీగల్ నోటీసు ఆలోచన ఉంటే మానుకోండి. అడగడం మాత్రం మానుకోనక్కరలేదు. నాన్నగారిని, తమ్ముడిని కూర్చోబెట్టి, ఏ సినిమాకు ఎంత వచ్చింది, ఎక్కడికి పోయిందని మామూలు మాటల్లో అడగండి. ఇంటి అవసరాలకు పోయి ఉంటే అది వినండి. స్థలంలో వాటా ఇవ్వడానికి వాళ్ళే ముందుకొస్తే తమ్ముడిచేత గిఫ్టు డీడు రాయించి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రిజిస్టరు చేయించుకోండి, నోటిమాటతో వదిలేయకండి. పాత పాస్‌బుక్కులు, అప్పటి ఒప్పంద పత్రాలు ఇంట్లో ఏ పెట్టెలోనైనా ఉంటే వాటిని మీరు తీసి పెట్టుకోండి. రేపు మీ దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు అలాంటి ఒప్పందంలో ఏముంటుందో చూపించడానికైనా అవి పనికొస్తాయి.